బొమ్మను మాట్లాడనిచ్చిన ప్రొఫెసరమ్మ

"అమ్మ పోయింది సామీ, తెల్లారంగనే" అన్నాడు ఫోనులో, నాంపల్లిలో మా ప్రొఫెసరమ్మ ఉండే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్.

"ఏంది నువ్వనేది! నిన్న సాయంత్రం నాతో కొట్లాడి పోయింది గదా!" అని అరిచాను.

అయ్యలారా, అమ్మలారా, చావు గురించి ప్రవచనాల్లో మైకు ముందు గంటలకొద్దీ గర్జించినవాణ్ణి నేను. సంచిలో గ్రంథం లేనిదే గడప దాటను. ఆ ఉదయం దాన్ని తెరిస్తే అక్షరాలు కనబడ్డాయి గానీ ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు. కొట్లాడిన మనిషి తెల్లారేసరికి ఎట్లా పోతుంది?

యూనివర్సిటీలో ఆమె పరిశోధనంతా పిల్లల సాహిత్యం మీద, ముఖ్యంగా బొమ్మల పుస్తకాల మీద. రిటైరయ్యాక కూడా ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల ముందు గొంతుక్కూర్చునేది. పిల్లలు గీకినవీ నమిలినవీ ఏరుకునేది.

"మేడమ్, మంచిది ఇస్త. గా బుక్కు మొత్తం కరాబ్ చేసిన్రు పోరగాళ్లు" అనేవాడు అమ్మేవాడు.

"గా కరాబ్ చేసిందే నాకు కావాలె. మంచిది నువ్వే చదువుకో" అనేది.

ఒకసారి నాకో పేజీ చూపింది. వానలో తడుస్తున్న కుక్క బొమ్మ. దాని తల మీద ఎవరో పసివాళ్లు పెన్సిలుతో వంకరటింకర గొడుగు గీశారు. "దయ గురించి మీరు గంట చెప్తరు స్వామీ. ఈ పిల్లకు ఎవరు చెప్పిన్రు?" అంది. నేను నోరు తెరవబోయాను. "జర ఆగండి, బొమ్మను మాట్లాడనీయండి" అంది. శాస్త్రం నేను సొంతంగా చదువుకున్నాను. బొమ్మ చూడడం మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

నా ప్రవచనం అయ్యాక హాల్లోనే పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకునేది. పేజీలోని మాటలను అరచేత్తో మూసి, బొమ్మ మాత్రమే చూపేది. వాళ్లంతట వాళ్లు ఏదో ఒకటి అనేదాకా పేజీ తిప్పేది కాదు. ఆ నిశ్శబ్దం నాకు ముళ్ల మీద కూర్చున్నట్టుండేది. "దీని నీతి ఏమిటంటే..." అని మధ్యలో దూరేవాణ్ణి.

ఆఖరి సాయంత్రం జగడమూ దాని మీదే.

"నీతి చెప్పకుంటే పిల్లలు చెడిపోరా అమ్మా?"

"మీరు చెప్పవట్టే వాళ్లు చూసుడు మానేస్తున్నరు. ఆదివారం వస్త గద, అప్పుడు తేల్చుకుందాం" అంటూ ఆటో ఎక్కింది.

ఆదివారం వచ్చింది. పిల్లలు వచ్చారు. ఇంటికి పంపేయమన్నారు హాలు కమిటీ పెద్దలు. ఈ ఒక్కసారి పంపేస్తే ఆమె చేరదీసిన ఆ గుంపు మళ్లీ కలవదని నాకు భయం. వెళ్లి నేనే చాప మీద కూర్చున్నాను.

"ప్రొఫెసరమ్మ ఇక రాదు. చనిపోయింది" అన్నాను. శ్లోకం నాలుక చివరికొచ్చింది. మింగేశాను. ఆమె తెచ్చిన ఒక పుస్తకంలో సంత బొమ్మ ఉన్న పేజీ తెరిచి, మాటల మీద చెయ్యి పెట్టాను. నీతి చెప్పలేదు, పేజీ తిప్పలేదు.

చాలాసేపటికి ఓ చిన్నపిల్ల మోకాళ్ల మీద ముందుకు జరిగింది. బొమ్మలోని జనం మధ్య, సంచి పట్టుకుని అటు తిరిగి నడిచిపోతున్న ఓ ఆడమనిషి వీపు మీద వేలు పెట్టింది.

"గీడున్నది. ఇటు చూస్తలేదు."

మిగతా తలలన్నీ ఆ పేజీ మీదికి వంగాయి. తిప్పమని ఎవరూ అడగలేదు.