వేళ్ళ పట్టు

గది తలుపు లోపలినుంచి గడియ పెట్టుకుని, ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి, వెంకన్న దానికి ఎదురుగా కూర్చుంటాడు. ఫోన్‌లో తెల్లబట్టలు కట్టుకున్న ఒకాయన సముద్రపు ఒడ్డున నవ్వు చెదరకుండా ముందుకు వంగి, మోకాళ్ళకి నుదురు ఆనిస్తాడు. "హాయిగా వదిలెయ్యండి" అంటాడు. ఆయన ఏ చెట్టు మీదనుంచీ పడలేదు. వదిలెయ్యడం ఆయనకి తేలికే.

వెంకన్న పడ్డాడు. ఆషాఢంలో, భీమరాజు గారి తోటలో, వానకి నానిన కొబ్బరి చెట్టు మీదనుంచి. రెండు నెలలకోసారి చెట్టెక్కి ముదిరిన గెలలు కోసి దించడాన్ని కోనసీమలో దింపు అంటారు. ఇరవై ఏడేళ్ళుగా ఆ పనే చేస్తూ ఇంటిపేరు పోగొట్టుకుని దింపు వెంకన్న అయ్యాడు. అమలాపురంలో డాక్టరు ఫిల్ము వెలుగుకి పెట్టి చూసి, నడుం ఎముక అతుక్కుంటుంది గానీ ఇక చెట్టెక్కొద్దన్నాడు. నలభై ఆరేళ్ళ మనిషి బతుకుని కొట్టెయ్యడానికి ఆయనకి అర నిమిషం కూడా పట్టలేదు.

భీమరాజు గారు మంచివాడే. అందుకే గడువు పెట్టాడు.

"శివరాత్రి దాటేక వచ్చే దింపుకి నువ్వు ఎక్కితే సరేరా వెంకన్నా. లేదంటే మిషను కట్టుకుని ఎక్కేవోళ్ళని పిలుచుకుంటాను. నిన్ను తీసేశాననుకోకు."

ఆ మాట పట్టుకుని వెంకన్న కార్తీకం నుంచీ ఆసనాలు వేస్తున్నాడు. నాలుగు వారాలు కొంత తేలికైంది. తరవాత నడుం ఒకచోట గట్టిపడి ఆగిపోయింది. ఎంత వంగినా చేతివేళ్ళు మోకాళ్ళు దాటలేదు. మూసిన తలుపు వెనక అతని బొమికలు పటపటమనడం భార్య నూకరత్నం వింటూ ఉండేది. ఒకనాడు ఇక పట్టలేక తలుపు కొట్టింది.

"ఆ ఫోన్లో ఆయనకి నువ్వు కనపడతన్నావా ఏంటి? కురిడీ కొబ్బరి గోడౌను అరుగు మీద శ్రీదుర్గ గారు ఆసనాలు చెబుతున్నారంట. వెళ్ళరాదూ?"

"ఆడోళ్ళ మధ్యన చాపేసుకుని పడుకోమంటావా?"

"చెట్టు కింద పడుకున్నావుగా ఊరంతా చూస్తుండగా. అప్పుడు లేని సిగ్గు ఇప్పుడేంటి?"

మర్నాడు తెల్లారకుండానే వెళ్ళాడు.

శ్రీదుర్గ హైస్కూల్లో డ్రిల్లు టీచరు. రాజమండ్రిలో శిక్షణకి వెళ్ళి ఆసనాలు నేర్చుకొచ్చింది. అరుగు మీద ఆరుగురుంటారు. ఆవిడ పెట్టిన పద్ధతి ఒకటే, వంతు. రోజుకొకరు ముందు కూర్చుని తమకి వచ్చిన ఆసనం ఒకటి మిగతావాళ్ళకి నేర్పాలి. ఆవిడ కూడా అందరితో పాటు చాప మీదే కూర్చుని చేస్తుంది.

"ఒక్కళ్ళమే చేసుకుంటే మన తప్పు మనకి తెలీదండి. ఎదుటివాళ్ళ ఒంట్లోకి వెళ్ళేకే అది కనపడుతుంది" అంటుంది.

వెంకన్న మూడుసార్లు వంతు తప్పించుకున్నాడు. నాలుగోసారి బుల్లెమ్మ ఒప్పుకోలేదు. అరవై దాటిన మనిషి, నలభై ఏళ్ళు కొబ్బరికాయలు ఒలిచిన చేతులు, ఎవరినీ లెక్కచెయ్యని నోరు.

"చెట్టెక్కి ఊరంతటికీ కనపడేవోడివి, ఇక్కడ నక్కుతావేంటిరా? కూర్చో ముందు."

కూర్చున్నాడు. అరికాళ్ళు రెండూ జోడించి మోకాళ్ళు బయటికి వాల్చే బద్ధకోణాసనం ఎంచుకున్నాడు. కాళ్ళకి తాడు తగిలించుకుని మానుని పట్టే కూర్పు అదే కాబట్టి, అందులో తనని మించినవాడు లేడని లోపల చిన్న గర్వం కూడా ఉంది.

"వేళ్ళు లోపలికి ముడవండి. ఇంకా, గట్టిగా. ఇప్పుడు ఊపిరి బిగబట్టండి. నేను చెప్పేదాకా వదలొద్దు."

అందరూ అతన్ని చూసి అలాగే చేశారు. పది లెక్కపెట్టేలోగా బుల్లెమ్మ కెవ్వుమంది.

"ఓరి నీ దుంప తెగ! కొంకర్లు పోతందిరా నా కాలు!"

పక్కనున్న ఇద్దరూ పిక్కలు పట్టుకుని నవ్వారు. శ్రీదుర్గ నవ్వలేదు. వాళ్ళ కాళ్ళవంకా, అతని కాళ్ళవంకా మార్చి మార్చి చూసింది.

"వెంకన్న గారూ, మీరింకా చెట్టు మీదే ఉన్నారండి. వెల్లకిలా పడుకోండొకసారి."

పడుకున్నాడు. ఒళ్ళంతా వదిలెయ్యమంది. వదిలేశాననుకున్నాడు. తల ఎత్తి చూసుకుంటే పది వేళ్ళూ గాలిలో లేని మానుని పట్టుకుని ఉన్నాయి. పడిన క్షణంలో బిగిసిన కాళ్ళు ఆరు నెలలయినా విప్పుకోలేదు. వాటి వెనక పిక్కలు, వాటి వెనక నడుం, అన్నీ ఒకే తాడులా లాగి పట్టి ఉన్నాయి.

ఆ రోజు నుంచి అతన్ని ఆ ఆరుగురూ పంచుకున్నారు. ఒకరు ఊపిరి లెక్కపెట్టేవారు. ఒకరు నడుం కింద దుప్పటి మడిచి పెట్టేవారు. బుల్లెమ్మ పాదాల దగ్గర కూర్చుని ఒక్కో వేలూ విప్పదీసేది. మొదటిరోజు వెంకన్న గభాల్న కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"పెద్దదానివి, నా కాళ్ళు పట్టుకోకూడదు పిన్నీ. పాపం చుట్టుకుంటాది."

"దండం పెడతన్నాననుకున్నావా ఎదవా? కాయ ఒలుస్తున్నాను. కదలకు."

మాఘం సగానికి వేళ్ళు మెత్తబడ్డాయి. నడుం వంగింది. ఒకనాడు ముందుకు వంగితే చేతులు పాదాలకి తగిలాయి. అరుగు మీద చప్పట్లు కొట్టారు. ఇంటికెళ్ళి నూకరత్నానికి చేసి చూపించాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "నిన్న నిద్దట్లో కూడా కాళ్ళు వదులుగానే ఉన్నాయి" అంది. ఎవరికీ అనుమానం రాలేదు. శ్రీదుర్గకి కూడా. "ఎక్కడం గురించి నాకు తెలీదండి, నొప్పి గురించే తెలుసు" అని ఆవిడ ఒకసారి అననే అంది. వెంకన్న ఆ మాటలో రెండో సగమే విన్నాడు.

శివరాత్రి వెళ్ళిన మూడోరోజు, కత్తి మొలలో దోపుకుని, కాళ్ళకి తాడు తగిలించుకుని, భీమరాజు గారి తోటలో మొదటి చెట్టుకి దణ్ణం పెట్టాడు. ఎక్కాడు. నడుంలో నొప్పి లేదు. ఆ సంతోషంతో పదిహేను పట్లు లేచాడు.

పదహారో పట్టు దగ్గర కాళ్ళు పైకి లాక్కుని మానుకి ఆనించి, వేళ్ళు బిగించమన్నాడు. అవి బిగియలేదు. అరికాళ్ళు మాను మీద పక్కకి వాలాయి, అరుగు మీద వాలినట్టే, మెత్తగా, హాయిగా. తాడు జానెడు జారింది. ఇరవై ఏడేళ్ళు అడగకుండా చేసిన పనిని వేళ్ళు ఇప్పుడు అడిగినా చెయ్యడం లేదు. బతిమాలాడు. తిట్టాడు. ఛాతీ మానుకి అదిమి, చేతులతో కావలించుకుని ఉండిపోయాడు.

"దిగిరారా వెంకన్నా" అన్నాడు కింద భీమరాజు గారు. గొంతులో కోపం లేదు. వెంకన్న అదే భరించలేకపోయాడు.

ఛాతీ గీరుకుపోతుండగా దిగాడు. రాజుగారు పక్కకి తిరిగి ఫోను తీశాడు.

మర్నాడు తెల్లారి వెంకన్న చాప లేకుండా అరుగు దగ్గరికి వెళ్ళాడు. చొక్కా మీద రక్తం చారలు. కబురు అప్పటికే తెలిసింది.

"నొప్పి తీసేశారు టీచరుగారూ. దాంతోపాటు నా కాళ్ళు కూడా తీసేసుకున్నారు. నొప్పితోనైనా ఎక్కేవోణ్ణేమో."

కాదనడానికి శ్రీదుర్గకి చెట్టెక్కడం తెలీదు. అవుననడానికి ధైర్యం చాల్లేదు.

బుల్లెమ్మ తన చేతులవంక చూసుకుంది. "నేనేగదరా విప్పింది" అంది. తరవాత ముక్కు చీది, "ఇయ్యాళ వంతు నీదే. చెప్తావా, వెళ్ళిపోతావా?"

వెళ్ళిపోదామనే తిరిగాడు. తోటవైపునుంచి మిషను కట్టుకుని ఎక్కుతున్న కుర్రాళ్ళ కేకలు వినబడ్డాయి. అటు వెళ్ళలేక అరుగెక్కి ముందు కూర్చున్నాడు.

"ఇయ్యాళ పట్టు చెబుతాను. అరికాళ్ళు జోడించండి. వేళ్ళు ముడవండి. ఇంకా. పడిపోతామనుకోండి, కింద ఏమీ లేదనుకోండి. వదలొద్దు."

అందరూ ముడిచారు. శ్రీదుర్గ పళ్ళ బిగువున పట్టింది. బుల్లెమ్మకి కొంకర్లు వస్తున్నాయి, కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి, అయినా వదల్లేదు. ఆరుగురి వేళ్ళూ తెల్లగా పాలిపోయి బిగుసుకున్నాయి.

వెంకన్న తన కాళ్ళవంక చూసుకున్నాడు. అవి చెరోవైపుకీ వాలి, విచ్చుకుని పడి ఉన్నాయి.

"వదలొద్దు" అన్నాడు మళ్ళీ. "నేను చెప్పేదాకా వదలొద్దు."