అసలు పతకం

మేము అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్లో ఇల్లు కొన్ననాటికే పక్కింటి సెర్బియా ముసలాయనకు డెబ్బై దగ్గర పడ్డాయి. తన దేశంలో బడిపంతులు, ఇక్కడ కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. ఏటా జనవరిలో, వాళ్ల తొలి ఆర్చిబిషప్ అయిన సాధువు పండుగ నాడు, కోటుకు ఓ తెల్ల సిలువ పతకం పెట్టుకుని చర్చికి వెళ్లేవాడు. చదువుకీ చర్చికీ సేవ చేసినవాళ్లకు ఆ సాధువు పేరిట సెర్బియా రాజులు ఇచ్చిన పతకం అది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కమ్యూనిస్టులొచ్చి రాజునీ పతకాన్నీ కలిపి రద్దు చేశారు. ఈ కథ నాకు పాతికసార్లు చెప్పాడు. ఆ పతకంలో ఐదు శ్రేణులుంటే తనది అట్టడుగున ఉన్న ఐదోదని మాత్రం ఒక్కసారే చెప్పాడు.

ఆయన అన్న కూడా దగ్గర్లోనే ఉండేవాడు. ఇద్దరికీ మాటల్లేవు. అరవైల్లో అమెరికాలోని సెర్బియా చర్చి రెండుగా చీలింది. కమ్యూనిస్టుల నీడలో ఉన్న బెల్‌గ్రేడ్ పెద్ద చర్చి మాట వింటామన్నవాళ్లు ఒకవైపు, వినం అన్నవాళ్లు ఇంకోవైపు. అన్న బెల్‌గ్రేడ్ వైపు, ఈయన రెండోవైపు. మా కోస్తా క్రైస్తవుల్లో మిషన్ వేరని పెళ్లిళ్లు ఆగిపోవడం చూసినవాణ్ణి కనుక నాకిది వింతగా తోచలేదు.

ఎనభైల నడుమ బెల్‌గ్రేడ్ చర్చి అదే సాధువు పేరుతో సొంతంగా పతకాలివ్వడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు ఒకటి అన్నకు వచ్చింది. అందుకునే రోజున రమ్మని తమ్ముడికి కబురు చేశాడు.

"అది రేకుముక్క. రాజు ఇస్తేనే అసలుది," అన్నాడీయన.

"పాపం, వెళ్లాలనే ఉందండీ ఆయనకి. మన సండే సర్వీస్ మిస్ అయినా ఫర్వాలేదు, మీరే డ్రైవ్ చేసి తీసుకెళ్లండి," అంది మా ఆవిడ.

తీసుకెళ్లాను. పార్కింగ్ లాట్‌లో గంటన్నర కూర్చున్నాడు గానీ కారు దిగలేదు. లోపలి పాట వినిపిస్తుంటే తొడ మీద వేలితో తాళం వేశాడు. నాకు ఒళ్లు మండింది, అయినా ఒక్క మాట అనలేదు. అనుంటే దిగేవాడేమోనని ఇప్పటికీ బాధపడతాను.

మూడు నెలలకు అన్న పోయాడు. అంత్యక్రియలకు అదే చర్చికి తీసుకెళ్తే, ఈసారి నేను కారు ఆపకముందే డోర్ తీశాడు. వాళ్ల ఆచారం ప్రకారం శవపేటిక ముందు చిన్న దిండు మీద కొత్త పతకం ఉంచారు. ఈయన వంగి అన్న నుదుటిని ముద్దుపెట్టుకుని, తన కోటు మీది పతకం విప్పి అన్న చేతిలో పెట్టాడు. వదిన దిండు మీది పతకం తీసి ఈయనకిచ్చింది.

జనవరి పండుగకు బయల్దేరుతూ మా తలుపు తట్టాడు. చూపు సరిగ్గా ఆనడం లేదట, పతకం నన్ను పెట్టమన్నాడు. అది అన్న పతకం.

"మీ చర్చిలో ఊరుకుంటారా?" అన్నాను.

"ఊరుకోరు. గట్టిగా పెట్టు," అన్నాడు.