కర్రపెండలం ఏటి మగవాళ్లు

మా మామ గథేచాకి గుర్తింపు కార్డు ప్రకారం తన కొడుకైన మా ఆయన కంటే ఏడేళ్లే ఎక్కువ. నవ్వకండి, ఆ ముక్కే మా కొంప ముంచబోయింది.

తప్పు మామదే. ఎవరేమన్నా నేనిదే చెబుతాను. కార్డులు రాసే గుమాస్తా "ఎప్పుడు పుట్టావు పెద్దాయనా?" అని అడిగితే, "కర్రపెండలం కరువు ఏడు" అన్నాడట ఈ మహానుభావుడు. అది ఆయన పుట్టిన ఏడు కాదు, సున్తీ అయిన ఏడు. మా కికుయు తెగలో మగవాడికి కత్తి పడ్డ రోజు నుంచే లెక్క. అంతకుముందంతా మేకలు కాసుకునే పిల్లకాయ, వాడి వయసెవడిక్కావాలి? ఒకే ఏడు సున్తీ అయినవాళ్లంతా ఒక రీకా. ఆ ఏడు ఏం జరిగితే అదే వాళ్ల పేరు. మశూచి వాళ్లు, మిడతల వాళ్లు, విమానం వాళ్లు అని మా ముసలాళ్లు వేళ్ల మీద వందేళ్లు చెప్పేస్తారు. వానల్లేక జనం కర్రపెండలం దుంపలు తిని బతికిన ఏడు మామవాళ్లది. ఆ గుమాస్తాకి ఇవన్నీ ఎవడు చెప్పొచ్చాడు? పుట్టిన ఏడు 1943 అని గీకి పారేశాడు.

ఇరవై ఏళ్లు ఎవరికీ పట్టలేదు. పోయినేడు భూముల ఆఫీసరొకాయన వచ్చి కార్డు చూశాడు.

"ఈ భూమి చెక్క 1958లో గథేచా పేర పడింది. అప్పటికి నీకు పదిహేనేళ్లు. పిల్లలకి భూమి రాయలేదు. అంటే ఆ గథేచా వేరే ఎవరో. నీ రీకావాణ్ణి, సరైన కాగితమున్నవాణ్ణి తీసుకురా. లేదంటే ఖాళీ చెయ్యి."

ఇల్లు, తేయాకు మొక్కలు, మా అత్త సమాధి, అన్నీ ఆ చెక్కలోనే. 

మామ రీకాలో బతికున్నది ఒక్క కిరాగు. మిషన్ బడిలో చదివాడు, పుట్టిన ఏడు రాసున్న జ్ఞానస్నానం కాగితం ఉంది. కానీ ఏం లాభం? మావాళ్లు తిరగబడ్డారని తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీలో మామని తీసుకెళ్లి ఖైదీల క్యాంపులో పడేస్తే, కిరాగు ఆ దొరల తరఫున ఈటె పట్టుకుని కాపలా కాశాడు. ముప్పై ఏళ్లుగా మాటల్లేవు. చర్చిలో కూడా ఒకరు ఈ తలుపు, ఒకరు ఆ తలుపు.

"వాడి గడప తొక్కావంటే కాళ్లు విరగ్గొడతా" అన్నాడు మామ.

తొక్కాను. కిరాగు వాకిట్లో కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తున్నాడు.

"మామయ్యా" అన్నాను. మామ రీకావాడు నాకూ మామే. పగ పగే, వరస వరసే. "మీరు రాకపోతే మేం రోడ్డున పడతాం."

"ఆ మొండిఘటం పంపాడా?"

"లేదు మామయ్యా. తెలిస్తే నా కాళ్లు విరగ్గొడతాడు."

"అయితే ఏం మారలేదన్నమాట" అని మళ్లీ గింజల్లో పడ్డాడు. వస్తానని అనలేదు, రానని అనలేదు. ఆ వారం ఎలా గడిపానో నాకే తెలుసు.

విచారణ చీఫ్ ఆఫీసు ముందు పచ్చిక మీద. అందరూ కూర్చున్నాక వచ్చాడు కిరాగు, పాత కోటు తొడుక్కుని. కాగితం బల్ల మీద పెట్టాడు.

"నేను పుట్టింది 1927. కర్రపెండలం ఏడు ఏటి ఒడ్డున వీడు నా పక్కనే నిలబడ్డాడు. 43లో పుట్టినవాడు 43లో నా పక్కనెలా నిలబడతాడు సారూ?"

ఆఫీసరు కళ్లద్దాల పైనుంచి చూశాడు. "స్నేహితుడి కోసం చెబుతున్నారేమో?"

అంతే! జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. చీఫ్ కూడా నవ్వాడు. "వీళ్లా సారూ స్నేహితులు? ఒకడు పోతే రెండోవాడు మేకను కోసి విందు చేస్తాడు!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

కిరాగు నవ్వలేదు.

"ఆ పొద్దున కత్తికి ముందు ఏట్లో మునిగితే చల్లటి నీళ్లు కొరికేశాయి. కత్తి పడ్డప్పుడు నేను వణికాను. వణికినవాడి బతుకు మనవాళ్లలో ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. వరసలో చివరివాణ్ణి, పక్కనున్నది వీడొక్కడే. వీడు నన్ను కుక్కన్నాడు, దొరల బంటన్నాడు, ముప్పై ఏళ్లు ఊరంతా తిట్టుకుంటూ తిరిగాడు. ఆ ఒక్క మాట మాత్రం ఎప్పుడూ అనలేదు. అలాంటివాడి కోసం అబద్ధం చెప్పాల్సిన పనేముంది, నిజమే చాలు."

కోడళ్ల ముందు ఇలాంటివి మాట్లాడకూడదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించాను గానీ చెవులు అటే ఉన్నాయి.

ఆఫీసరు 1943 కొట్టేశాడు. 1927 అని రాసి ముద్ర గుద్దాడు. అమ్మయ్య! నెల రోజుల బరువు ఆ చప్పుడుతో దిగిపోయింది. అక్కడే గడ్డి మీద చతికిలబడ్డాను.

మామ కర్ర పట్టుకుని లేచి కిరాగు ముందుకెళ్లి నిలబడ్డాడు. 

"ఒరేయ్ కిరాగూ, నువ్వు వణికావా?" అన్నాడు. "నాకేం తెలుసురా! భయమేసి నేను కళ్లు మూసుకున్నాను."

"నలభై ఏళ్లు నీకు భయపడి చచ్చాను కదరా, దొంగ సచ్చినోడా!" అని కిరాగు మామ మెడ పట్టుకుని బావురుమన్నాడు.