పక్క సీటులో వినబడిన తెలుగు

నోయిడాలో మా ఆఫీసు. పక్క సీటులో కొత్తగా చేరిన కాకినాడ అమ్మాయి రోజూ భోజనం వేళ అక్కడే కూర్చుని వాళ్ళమ్మతో ఫోనులో మాట్లాడేది. చుట్టూ ఉన్నది హిందీవాళ్ళే కదా, ఎవరికి అర్థమవుతుందిలే అని ధీమా. ఢిల్లీలో మనవాళ్ళందరికీ ఉన్న ధీమాయే అది. మెట్రోలో నిలబడి ఇంటి గుట్టంతా విప్పేస్తారు.

నేను తెలుగుదాన్నని ఆమెకు తెలియదు. పెరిగింది ఢిల్లీ ఆర్.కె. పురం సర్కారు క్వార్టర్లలో, పెళ్ళితో వచ్చిన ఇంటిపేరు పంజాబీది. అమ్మ పోయాక నాతో రోజూ తెలుగులో మాట్లాడే మనిషే లేకుండా పోయింది. మొదటిరోజే చెప్పి ఉండాల్సింది. కానీ ఆ రోజు ఆమె ఫోనులో "ఏం కూర చేశావమ్మా?" అని అడిగింది. నా ప్రాణం లేచొచ్చింది. నేను తెలుగని చెబితే బయటికి వెళ్ళి మాట్లాడుకుంటుందని భయం వేసింది. నోరు మూసుకుని, కంప్యూటరు వైపు చూస్తూ, ఎనిమిది నెలలు విన్నాను. దొంగతనమే. కాదని ఎందుకనాలి?

ఒకరోజు ఆమె గొంతు తగ్గించింది. "ఎవరికీ చెప్పకమ్మా, మూడో నెల దాటనీ. ఆఫీసులో తెలిస్తే ప్రమోషను ఇంకొకరికి ఇచ్చేస్తారు. నోరంతా చేదుగా ఉంటోంది. నువ్వు నూరే చింతకాయ పచ్చడుంటే రెండు ముద్దలు దిగేవి."

ఇక ఆగగలనా? ఆదివారం మా పాత క్వార్టర్ల దగ్గరున్న తెలుగు ఆంటీని బతిమాలి ఓ సీసాడు చింతకాయ పచ్చడి తెచ్చాను. సోమవారం ఆమె ముందు పెట్టి, "తినమ్మా, వేడన్నంలో నెయ్యేసుకుని" అన్నాను, తెలుగులో.

ఆమె ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"మీరు తెలుగువాళ్ళా? ఎన్నాళ్ళ నుంచి వింటున్నారండీ?"

"నువ్వు చేరినప్పటి నుంచి. ఒట్టు, ఎవరికీ చెప్పలేదు. మా అమ్మ దగ్గర కూర్చున్నట్టుండేది, అందుకని..."

"అవి మా అమ్మతో నేను చెప్పుకున్న మాటలండీ," అంది. సీసా నా వైపు జరిపింది.

పుణ్యానికి పోతే పాపం ఎదురైందని ఇంట్లో ఆయన దగ్గర ఏడ్చాను. అయినా పుణ్యానికి పోయానా నేను? నా కరువు తీర్చుకోవడానికి పోయాను.

గుట్టు నా నోటి నుంచి దాటలేదు. ప్రమోషను ఆమెకే వచ్చింది. పాప పుట్టింది, సెలవయ్యాక మళ్ళీ వచ్చి చేరింది. ఇప్పుడు ఫోను మోగితే మెట్ల దగ్గరికి వెళ్తుంది. నా మీద కోపమేమీ చూపించదు, ఎదురుపడితే నవ్వుతుంది. "పాప ఎలా ఉందమ్మా?" అని నేను తెలుగులోనే అడుగుతాను.

"ఠీక్ హై, దీదీ" అంటుంది.