సింహాయంలో పడ్డ తుపాకి

ఆ రోజుల్లో ఫోన్‌లో ఎవరైనా ఒక పని చేస్తుంటే చూస్తే చాలు, ఆ పని నాకూ వచ్చేసినట్టే అనిపించేది. తెలంగాణ వచ్చి కొన్నేళ్లయింది, డేటా చవకైంది, ముప్పై దాటాక హాలియాలో ఒక రైసుమిల్లులో గుమస్తాగా కొత్తగా చేరాను. వడ్ల లారీలు కాంటా ఎక్కి దిగే సందులో నీడన కూర్చుని నేను చూసే వీడియోలన్నీ ఒకే రకం. ఎక్కడో మంచు దేశంలో ఒక గడ్డపాయన మిలిటరీవాళ్లు పాతబడిందని వదిలేసిన తుపాకి తెచ్చుకుంటాడు. భుజానికి ఆనించే దాని మొద్దు కట్టె ఊడదీసి, అక్రోటు చెక్కతో సన్నగా కొత్త కట్టె చెక్కి, నూనె పట్టించి, చివరికి చూస్తే కళ్లు తిప్పుకోలేని, పోటీల్లో కాల్చే ఆటల తుపాకి చేస్తాడు. తిండి మానేసి చూశానంటే అమ్మ ఒప్పుకోదు. (తింటూనే చూశాను.) చూసినప్పుడల్లా నా గుండె దడదడలాడేది, ఎందుకంటే అలాంటి తుపాకి మా ఇంట్లో దూలానికి వేలాడుతూ ఉండేది.

మాది గొర్రెలు కాసే ఇల్లు. తాత కాలంలో మంద అమ్రాబాద్ అడవి అంచుల దాకా మేతకు పోయేది. చిరుతల భయానికి తాత లైసెన్సు తీసుకుని, మిలిటరీవాళ్లు వాడి వదిలేసిన పాత తుపాకిని, గొట్టం మార్చి మామూలు జనానికి అమ్ముతుంటే కొన్నాడు. ప్రతి తూటాకూ చేత్తో గడియ తీసి గడియ వేయాల్సిన రకం అది. తాత దాంతో ఒక్క చిరుతను కూడా చంపలేదు. ఆకాశంలోకి పేల్చేవాడట, చిరుతా గొర్రెలూ కలిసే పారిపోయేవట, ఆ తర్వాత పొద్దంతా గొర్రెలను వెతుక్కునేవాడట. తాత పోయాక లైసెన్సు నా పేరు మీదికి మారింది. నాయిన మాత్రం మొదటి నుంచీ నాకొద్దు బాబో అన్నాడు.

ఆయన బాధ ఎన్నికలతో. కరువు వస్తుందేమో గానీ మనకు ఎన్నికలకు కరువు లేదు. అసెంబ్లీ అయితే సర్పంచులు, అవి అయితే పార్లమెంటు, అదీ అయితే మండలాలు. నోటిఫికేషన్ పడితే చాలు, లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో అప్పజెప్పాలి. నేను కాయితాలతో ముందు, నాయిన పాత దుప్పట్లో చుట్టిన తుపాకితో వెనుక, ఇద్దరం ఆర్టీసీ బస్సెక్కేవాళ్లం. పక్క సీటులోనివాళ్లు అదేమిటని అడిగితే నాయిన విసుగ్గా చెరుకుగడ అనేవాడు. లైసెన్సు గడువు దగ్గర పడ్డ ఏడాది ఆయన ఇక తేల్చేశాడు. అడవిలోకి గొర్రెలను తోలే రోజులు పోయాయని, వేట ఎట్లాగూ నేరమని, దాన్ని దూలానికి వేలాడేసి బల్లులకు కాపలా పెట్టడం దేనికని, సర్కారుకే ఒప్పజెప్పి చేతులు కడుక్కుందామని అన్నాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. తాత చేతి వస్తువు ఏ గోదాములోనో తుప్పు పడుతుందన్న దిగులు సగం, నా వీడియోలన్నీ మట్టిలో కలుస్తాయన్న దిగులు సగం. దాన్ని ఆటల తుపాకిగా మారుస్తానని, చలికాలంలో జిల్లా షూటింగ్ పోటీలు ఉన్నాయని, పాత తుపాకులకు వేరే పోటీ పెడతారని ఒక్క ఊపిరిలో చెప్పాను. నాయిన చుట్ట పక్కన పెట్టాడు.

“సరే. పోటీల ఏదన్న పట్టుకొస్తె ఉంచుదాం. వట్టి చేతులతోని వస్తివా, అటునుంచి అటే ఠాణాకు.”

పోటీలు నడిపే పెద్దమనిషి సైన్యంలో పనిచేసి వచ్చినాయన. అందరూ సుబేదారు సాబ్ అంటారు. ఆయన రెండు ముక్కలే చెప్పారు. ఇనుము జోలికి నువ్వు పోవద్దు, దాన్ని హైదరాబాదులో లైసెన్సున్న దుకాణంలో చూపించు. కట్టె మాత్రం నీ చేతి కొలతకు నచ్చినట్టు చేయించుకో. మోచేయి మడిచి కొలత ఎలా తీసుకోవాలో కూడా చూపించారు. దుకాణంవాళ్లు గొట్టం బాగుందన్నారు. ఇక మిగిలింది కట్టె. దానికి మా ఊళ్లో ఆయం మామను మించినవాడు లేడు.

ఆయం మామ దర్వాజలు చేసే వడ్రంగి మామ. పొడవునూ వెడల్పునూ గుణించి, ఎనిమిదితో భాగిస్తే మిగిలేదాన్ని బట్టి ఆ వస్తువు ఏ ఆయంలో పడిందో చెప్పడం ఆయనకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య. సింహాయం, గజాయం మంచివి. శ్వానాయం, కాకాయం చెడ్డవి. మంచి ఆయం రాకపోతే ఆయన పీట కూడా చెయ్యడు. తుపాకి అనేసరికి మామ ముఖం వెలిగిపోయింది. పాడుబడ్డ ఏదో దొర గడి నుంచి కొనుక్కొచ్చి దాచుకున్న జిట్రేగి దర్వాజ ముక్క బయటికి తీశాడు. నీళ్లు చల్లి తుడిస్తే ఎర్రటి చారలు, నల్లటి చారలు తేలాయి. ఆ వీడియో గడ్డపాయన చూసి ఉంటే ఏడ్చేవాడు. నేను నా కొలత చెప్పాను. మామ పెదాలు కదుపుతూ లెక్క వేసుకున్నాడు. వెలిగిన ముఖం ఆరిపోయింది.

“అల్లుడా, గీ కొలత శ్వానాయంల పడ్తాంది. కుక్కాయంల ఉన్న తుపాకి మొరుగుతది గాని కరవది. రెండు వేళ్ల పొడుగు తగ్గిస్తె సింహాయమైతది. ఇగ నీ ఇష్టం.”

డిగ్రీలో నేను సైన్సు చదివాను. (ఈ ముక్క ఇక్కడ చెప్పకుండా ఉండాల్సింది.) కొలత మార్చొద్దని మాత్రం చెప్పలేదు. ఒకపక్క ఠాణా, ఒకపక్క సింహం. రెండు వేళ్లే కదా, ఎవరి సొమ్మేం పోయింది అనుకున్నాను. సింహాయమే కానిమ్మన్నాను.

ఆ తర్వాతి రోజులు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మిల్లు నుంచి తిన్నగా మామ కొట్టానికి పరుగు. దీపం మసిలో నూనె కలిపి ఇనుముకు పూసి, దాన్ని కట్టెలో కూర్చోబెట్టి పైకి తీసేవాడు మామ. నల్లగా అంటిన చోట మాత్రమే ఉలితో పొరలా గీకేవాడు. మళ్లీ పూయడం, మళ్లీ గీకడం. ఇనుము ఇంతింత దిగుతుంటే నాకు కూర్చోబుద్ధి అయ్యేది కాదు. ఒక సాయంత్రం అది చప్పుడు లేకుండా పూర్తిగా ఒదిగి కూర్చుంది. కాయితం కూడా దూరని సందు. నేను మామను ఎత్తుకుని గిరగిరా తిప్పాను. అవిసె నూనె పోసి అరచేత్తో కట్టెను ఎంత రుద్దానంటే, మిల్లులో నేను సంతకం పెట్టిన చోటల్లా నూనె మరకే. మూతి దాకా ముసుగేసుకున్న పాత మిలిటరీ మనిషి ముసుగు తీసి పెళ్లికొడుకై కూర్చున్నట్టుంది. తూటాలు లెక్క ప్రకారమే దొరుకుతాయి కాబట్టి ముందుగా కాల్చి చూడలేదు. అద్దం ముందు భుజానికి ఆనించి చూసుకుంటే కాస్త పొట్టిగా అనిపించింది. అందమైనవన్నీ పొట్టిగానే ఉంటాయని సర్దిచెప్పుకున్నాను.

పోటీ జిల్లా కేంద్రం బయట, గుట్ట అడుగున. చలి కొరుకుతున్న పొద్దున నాయిన కూడా వచ్చాడు. నన్ను ఉత్సాహపరచడానికి కాదు, తిరుగుదారిలో ఠాణా ఉంది కాబట్టి. భుజాన గొంగడి, చేతిలో కర్ర. మిగతావాళ్లు తోలు జాకెట్లు, రంగు కళ్లద్దాలు. నా తుపాకిని చూసి ఇద్దరు ముగ్గురు దగ్గరికి వచ్చి కట్టెను నిమిరారు. నేను నేల మీద నడవడం మానేశాను. పోటీకి ముందు సరిచూసుకోవడానికి కొన్ని తూటాలు కాల్చనిస్తారు. బోర్లా పడుకుని, గురి చూసి, ఊపిరి బిగబట్టి మీట నొక్కాను.

తుపాకి వెనక్కి తన్నింది. కట్టె పొట్టి కావడంతో నా బొటనవేలు వచ్చి నా ముక్కు మీదే గుద్దింది. కళ్లలో నీళ్లు, మూతి మీద రక్తం. సుబేదారు సాబ్ వంగి చూసి, ఈ కట్టెను ఎవరు కొలిచారని అడిగారు. నా నోట “సింహం” అని వచ్చింది. దెబ్బ తలకు తగిలిందనుకుని ఆయన నీళ్లు తెమ్మన్నారు. రెండో తూటాకు ముక్కు ముందే భయపడి పక్కకు జరిగింది, కళ్లు వాటంతట అవే మూసుకున్నాయి, తూటా ఎక్కడో ముందే మట్టి లేపింది. ఇంకా పోటీ మొదలే కాలేదు. అప్పుడే నాకు తుపాకి ఠాణా బీరువాలోకి పోతున్నట్టు కనబడింది. ఏడుపొచ్చింది. ముక్కు దెబ్బ ఉంది కాబట్టి ఎవరూ అడగలేదు.

నాయిన కట్టె ఎంత పొట్టిగా ఉందో సుబేదారు సాబ్‌ను అడిగి నా దగ్గరికి వచ్చాడు. భుజం మీది గొంగడి తీసి, మడత మీద మడత పెట్టి, నా భుజానికీ కట్టెకూ మధ్య ఆనించి, మళ్లీ గురి చూడమన్నాడు. ముఖం వేలికి దూరంగా జరిగింది. ఇంకో మడత పెట్టాడు. సరిగ్గా సరిపోయింది.

“గొర్రెకు కాలు నొస్తెనే ఒత్తు పెట్టి కడ్తం. నువ్వేమన్న గొర్రెకన్న తక్కువనా? ఇగ కొట్టు.”

ఎవరో గొంగడి చెల్లదన్నారు. జాకెట్టు ఉండొచ్చని రూల్స్‌లో ఉంది, గొంగడి వద్దని ఎక్కడా లేదని సుబేదారు సాబ్ తేల్చారు. నాకు ఆ క్షణంలో తెలిసిందొక్కటే. ఆయన ఆ మడతలు పెట్టకుండా ఊరికే నిలబడి ఉంటే, ఆయన కోరుకున్నట్టే తుపాకి ఆ సాయంత్రం ఇంట్లోంచి పోయేది. అయినా పెట్టాడు. ఆ ఉన్ని వాసన, చుట్ట వాసన ముక్కుకు తగిలాయో లేదో (అప్పటికి అది వాసన పట్టే స్థితిలో లేదు), నా కళ్లు మాత్రం ఈసారి మూసుకోలేదు. పోటీ మొదలైంది. గడియ తీశాను, వేశాను, నొక్కాను. దూరాన గుంతలోంచి, తూటా తగిలిన చోటు చూపే కర్రకు కట్టిన రేకు బిళ్ల లేచి నల్లచుక్క మీద నిలబడింది. మళ్లీ నొక్కాను. మళ్లీ నల్లచుక్కే. వెనకాల నాయిన లోగొంతుకతో మందను అదిలించినట్టు “హెయ్, హెయ్” అంటున్నాడు. చివరి తూటా అయ్యేసరికి భుజం లేదు, ముక్కు లేదు, ఒట్టి సంబరం మాత్రం ఉంది.

మూడో స్థానం వచ్చింది. మొత్తం ఎంతమంది కాల్చారని అడగొద్దు. (అడిగారు కాబట్టి చెబుతున్నాను, నలుగురం. ఒకాయన తుపాకి మధ్యలో మొండికేసింది.) చిన్న కప్పు ఇచ్చారు. బస్సులో నాయిన దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. ఠాణా ముందు బస్సు ఆగింది. మా ఇద్దరిలో ఎవరమూ లేవలేదు. ఆయం మామ అదంతా సింహాయం మహిమే అని ఊరంతా చాటాడు. మరి నా ముక్కు సంగతేమిటంటే, సింహాన్ని సాదుకునేటోడు గోరు తగిలిందని ఏడవొద్దన్నాడు.

తర్వాత ఒకటి రెండేళ్లు పోటీలకు పోయాను. ఆపైన పెళ్లి, పిల్లలు, మిల్లులో పెద్ద గుమస్తా పని. మొన్నటి ఎన్నికలకు తుపాకి అప్పజెప్పడానికి నాయినా నేనూ పోతే, కొత్తగా వచ్చిన ఎస్సై ఆయన వయసు చూసి జాలిపడ్డాడు. ఈ వయసులో ఈ తిప్పలెందుకు తాతా, సర్కారుకే ఇచ్చెయ్యరాదా అన్నాడు. ఒకప్పుడు నాయిన నోటి నుంచి వచ్చిన మాటే అది. ఆయన ఎస్సైని పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు.

“గదెట్ల సారు? మా పిలగాడు ఆడుకునేది.”

ఎస్సై పిలగాడి కోసం చుట్టూ చూశాడు. ఠాణా మెట్లెక్కిన ఆయాసంతో, సగం నెరిసిన మీసంతో, బొర్ర మీద బిగిసిన చొక్కాతో పిలగాడు ఆయన ఎదురుగానే నిలబడి, రశీదు చదవడానికి జేబులో కళ్లద్దాలు వెతుక్కుంటున్నాడు.