ఓడలోవాళ్ళకు దినాలు

మా అత్తకు ఏ పుస్తకమైనా పురాణమే. అచ్చులో ఉంటే అది జరిగి తీరినట్టే. ఎవరు రాశారు, ఎందుకు రాశారు అన్నది ఆమెకు పట్టదు. ఆ మొండితనంతోనే ఒక కట్టుకథను పట్టుకుని మా తోడికోడలి బతుకు బుగ్గి చేయబోయింది. ఆమె పోయి ఇన్నేళ్ళయినా ఆ వేసవి తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

కమలాపురం దగ్గరి పల్లె మాది. యుద్ధం జరుగుతున్న కాలం. మా బావ, అంటే అత్త పెద్దకొడుకు, రంగూన్‌లో బియ్యం మిల్లులో పనికని పోయాడు. అక్కడ బాంబులు పడ్డాక తిరిగొచ్చినవాడొకడు, మీవాడు నాకంటే ముందే ఓడెక్కినాడని చెప్పిపోయాడు. ఆ తర్వాత ఏ కబురూ లేదు. ఆయన భార్యను, అంటే నా తోడికోడల్ని, నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె మాత్రం రోజూ నిండుగా బొట్టు పెట్టుకునేది, ఒక గాజు చిట్లితే గాజులామె వచ్చేదాకా నిలవలేకపోయేది.

ఇంట్లో చదువొచ్చిన ఆడది నేనొక్కదాన్నే. మధ్యాహ్నాలు విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తూ కూర్చుంటే అత్త నాచేత ఏదో ఒకటి చదివించేది. ఆ ఏడు మా పుట్టింట్లో అట్ట ఊడిన నవల ఒకటి దొరికితే తెచ్చాను. సముద్రం మధ్య నల్లరాతికి తగిలి పగిలిన ఓడ కథ అది. అందులో మునిగినవాళ్ళు సందెవేళకు గదుల్లో దీపాలు పెట్టుకుని, తడిబట్టలతోనే భోజనాలకు కూర్చుంటారు. ఎవరికి ఇంటిదగ్గర కర్మ జరిగితే వాళ్ళ దీపం ఆరి, వాళ్ళకు విడుదల దొరుకుతుంది. మిగిలినవాళ్ళు బయటికి రాలేక తలుపులు గోళ్ళతో గీకుతుంటారు. సముద్రం మొహం చూడనివాళ్ళం, పట్టపగలు, అంత ఎండలో వణికిపోయాం.

అత్త మాత్రం వణకలేదు. చేతిలో కాయ పక్కన పెట్టి, ఆ గీకేవాళ్ళలో తన కొడుకున్నాడని తేల్చేసింది. మర్నాడే పురోహితుణ్ణి పిలిపించింది. మనిషి దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి, కాల్చి, దినాలు పెట్టడం మా వైపు ఉన్నదే. ఆయన మంచిరోజు చూసి చెప్పాడు. దినాల్లో అక్క గాజులు పగలగొడతారు, బొట్టు చెరిపేస్తారు. ఆపైన ఆమెకు మిగిలేది వంటింటి మూల, ఎదురొస్తే మొహం తిప్పుకునే జనం. ఇది ఎవరో అల్లిన కథ అని నేను నోరు నొప్పిపుట్టేలా చెప్పాను.

"పురాణాలు గూడా ఎవరో ఒగరు కూర్చోని రాసినవే. నోరు మూసుకోని కాయలొల్చు," అంది.

అక్క ఆ పూట అన్నం ముట్టలేదు. గాజులు చప్పుడు కాకుండా చేతులకు పైట చుట్టుకుని తిరుగుతుంటే చూడలేకపోయాను. అత్త మీద కడుపు రగిలిపోయింది. పుస్తకంతో పొడిచినదాన్ని పుస్తకంతోనే కొట్టాలనుకున్నాను.

మర్నాడు చదవడానికి కూర్చుని, పుస్తకంలో లేనిది మొదలుపెట్టాను. ఓడ పగిలినప్పుడు ఇద్దరు ఈదుకుంటూ తప్పించుకున్నారు. ఒకడి తల్లి తొందరపడి ఇంటిదగ్గర కర్మ చేయించింది. అక్కడ బొమ్మకు నిప్పంటగానే ఇక్కడ వాడి చేతులు బిగుసుకుపోయాయి, మునిగి ఆ ఓడలోకే పోయాడు. రెండోవాడు ఇంకా ఈదుతున్నాడు. మొదటివాణ్ణి తల్లే చంపిందని దయ్యాలు చెప్పుకున్నాయని కూడా చదివాను. అత్త మొహంలోకి చూస్తూ, కావాలనే చదివాను.

ఆమె మొహం పాలిపోయింది. పుస్తకం లాక్కుని, అక్షరాల మీద అరచెయ్యి పెట్టి, ఈడనేనా ఉండేదని అడిగింది. ఈడనే అన్నాను. సాయంత్రానికే పురోహితుడికి ఇప్పుడొద్దని కబురు పోయింది.

నా దెబ్బ బాగా తగిలిందని మురిసిపోయాను. కానీ నవల అయిపోయినా ఆమె నన్ను వదల్లేదు. రోజూ చేట ముందుకు లాక్కుని, ఆ రెండోవాడి సంగతి చదవమనేది. నేను రోజూ వాణ్ణి కొంచెం ఈదించేదాన్ని. అక్క కాయలొలవడం ఆపి వినేది. నాకు విసుగొచ్చింది. ఒకరోజు అక్క నీళ్ళకు పోయినప్పుడు అత్త మళ్ళీ అడిగింది. ఇంకేముందత్తా, ఈదుతానే ఉండాడు అని పెడసరంగా అన్నాను.

ఆమె తలెత్తలేదు.

"చిన్నప్పుడు పిల్లోల్లతో బాయిలో దిగుతానంటే కాళ్ళిరగ్గొడతానంటి," అంది. "మా వానికి ఈత రాదు."

నేను పుస్తకం మూయబోయాను.

"మూయొద్దే. అది నీళ్ళు తీసుకోని వచ్చే యాళయింది. చదువు."