తెంపకూడని గంటపువ్వు

మా చిన్నప్పుడు తొలకరి పడిన వారానికల్లా, మా పత్తి చేను చివర నాపరాళ్ళ సందుల్లో ఒక పువ్వు పూసేది... మేకపిల్ల మెడలో గంటంత ఉండి, తల కిందికి వేలాడుతూ, నీళ్ళు కలిపిన ఇంకు రంగులో. మాచవరం చుట్టుపక్కల ఇంకెక్కడా నాకది కనిపించలేదు.

ఊళ్ళో గంటపువ్వు అనేవాళ్ళు. గాలికి మోగుతుందట. ఆ మోత మనకు వినపడదు గానీ మబ్బుకు వినపడుతుందట... అది విని దారి పట్టుకుని వస్తుందట. తెంపితే ఆ ఏడు వాన లేనట్టే.

నాకు దాని అసలు పేరు కావాలి. కాన్వెంటులో సైన్సు సిస్టర్‌ను, ధైర్యం కూడగట్టుకుని అడిగాను. "ఒకటి తీసుకురామ్మా, చూసి చెబుతాను" అన్నారు.

ఆ సాయంత్రం అలా చెయ్యి చాచానో లేదో, గట్టు మీద నుంచి పెద్దమ్మ కేక.

"ఏందే ఆ పని? చెయ్యి తియ్యి."

"ఒక్కటే పెద్దమ్మా... సిస్టర్‌కి చూపిచ్చాలి."

"మీ సిస్టరొచ్చి మన పత్తికి వాన కురిపిచ్చుద్దా?"

చెయ్యి తీసేశాను. చూడకుండా పేరెలా చెప్పను అన్నారు సిస్టర్. అదీ నిజమే.

తర్వాత చదువులు, హాస్టళ్ళు... తొలకరికి ఊళ్ళో ఉండటం కుదరలేదు. నిరుడు ఫొటో తీసుకుందామనే వెళ్ళాను. పెదనాన్న అప్పటికే చేను ప్లాట్లకు అమ్మేశాడు. జేసీబీ నాపరాళ్ళను పెళ్ళగిస్తోంది. పెద్దమ్మ పక్కనే నిలబడి చూస్తోంది.

"గంటపువ్వు పోతోంది పెద్దమ్మా" అన్నాను.

"మనం తెంపలా గదే" అంది.

ఒక్క పువ్వుకు నన్నంతలా గదిమిన మనిషి... దుబ్బుతో సహా పోతుంటే ఇంతేనా?

ఈ ఏడు వానలు బాగానే పడ్డాయి. దానికీ ఒళ్ళు మండుతోంది.

గుర్తున్నంత వరకు బొమ్మ గీసి, తెలిసినవాళ్ళందరికీ పంపాను. శంఖుపువ్వు అంటారు. శంఖుపువ్వు నాకు తెలియదా... పోయిందని చెప్పుకోవడానికైనా దానికో పేరుండాలి కదా.

గురజాల వైపో, మాచర్ల వైపో మీరెవరైనా ఇలాంటి పువ్వును చూశారా? మీ ఊళ్ళో దాన్ని ఏమనేవాళ్ళు, తెంపితే ఏమవుతుందని భయపెట్టేవాళ్ళు... రాయండి. ఇంకా పూస్తూ ఉంటే ఎక్కడో కూడా చెప్పండి, వస్తాను. ఎవరేమన్నా సరే, ఈసారి ఒకటి తెంపుతాను.